భుజం దగ్గర మడత ఉండదు

వయసుతోపాటు మనిషి కూడా పెరుగుతాడా, లేక ఎక్కడో ఒకచోట ఆగిపోయి పైన వయసు మాత్రం కప్పుకుంటూ పోతాడా? దర్జీగారి పెద్దకూతురికి ఈ అనుమానం నిన్న మొన్నటిది కాదు. పదహారో ఏట పట్టుకుంది. యాభై రెండు వచ్చినా వదల్లేదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, అందరినీ చల్లగా చూడమని అడిగి, చివర్లో ఈ ఒక్క ప్రశ్న వేసి లేచేది. దేవుడు ఏనాడూ జవాబివ్వలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు. ఆయనకి ఎన్ని పనులో అనుకునేది.

ఈ శుక్రవారం పొద్దున దణ్ణం పెట్టుకోవడానికి కూర్చునే చోటు కూడా లేదు. ముందుగది నిండా చొక్కాలే.

నలభై రెండు చొక్కాలు. ఎనిమిదో తరగతి పిల్లలవి. నిన్న బడివాళ్ళు మూటలు కట్టి వెనక్కి పంపారు. పై మూటకి ఒక ఉత్తరం గుచ్చి ఉంది. ఒక్క చొక్కా కూడా ఎవరికీ పట్టలేదనీ, సోమవారం బడి తెరుస్తామనీ, రెండో జతకిచ్చిన బట్ట మీ దగ్గరే ఉంది కనుక దాన్ని సరిగ్గా కుట్టి ఇమ్మనీ రాశారు. అడుగున ఇంకో వాక్యం. ఈసారి కత్తిరించేది వేరే మనిషి అయితేనే.

ఆ ఉత్తరం ఆమె చదివి వినిపించినప్పటి నుంచి దర్జీ, ఆమె తండ్రి, నోరు విప్పలేదు పెద్దాయన. వెనక కటింగ్ గదిలోకి వెళ్ళి, రెండో జత బట్ట పక్కన స్టూలు వేసుకుని, పెద్ద కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తిండి అక్కడికే తెమ్మన్నాడు. అది కూడా సైగతోనే.

తమ్ముడు సిమెంటు డిపోలో లెక్కలు రాస్తాడు. అరపూట సెలవు పెట్టి వచ్చాడు. చెప్పులు విడవడానికి చోటు దొరక్క గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఉత్తరం మళ్ళీ చదివావా అక్కా?"

"చదివాను."

"ఏమంటావు?"

"అనడానికేముంది. అర్థమయ్యేలాగే రాశారు."

"నీ వేళాకోళానికి ఇదా సమయం? వెళ్ళి చెప్పు. ఇక చాలు నాన్నా, కత్తెర పక్కన పెట్టు అని చెప్పు."

"నువ్వు చెప్పు. కొడుకువి."

"నేను చెబితే ఆయనకి కోపం వస్తుంది."

"నేను చెబితే నవ్వొస్తుంది. ఏది నయమో నువ్వే ఆలోచించు."

తమ్ముడు తల దించుకున్నాడు. ఆమె ఏ నవ్వు సంగతి చెబుతోందో అతనికి తెలుసు. ఆ నవ్వులో అతనికీ వాటా ఉంది.

ఆమెకి పదహారేళ్ళప్పుడు, తండ్రి భోజనానికి లేచిన సమయం చూసి, ఎవరూ చెప్పకుండానే ఒక చొక్కా చేతులు కత్తిరించింది. బట్ట తిప్పి వేయడం మరిచిపోయింది. రెండు చేతులూ ఎడమవే వచ్చాయి. దర్జీ వాటిని ఎత్తి చూసి, దుకాణంలో ఉన్న నలుగురి ముందూ, "ఈ పిల్ల పెళ్ళికొడుక్కి రెండూ ఎడమ చేతులే ఉండాలిరా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు 'ఎడమ'. కాజాలు ఎడమకియ్యి, గుండీలు ఎడమ కుడుతుంది. ముప్పై ఆరేళ్ళు అలాగే గడిచాయి. పెళ్ళయింది, లారీ మీద ఊళ్ళు తిరిగే మొగుడు వచ్చాడు, కూతురు పుట్టింది. దుకాణంలో పెద్ద కత్తెర మాత్రం చేతికి రాలేదు.

"అమ్మ ఉంటే ఈ పాటికి చెప్పేసేది" అన్నాడు తమ్ముడు.

"అమ్మ ఉంటే నువ్వు ఆవిణ్ణి పంపేవాడివి. ఇప్పుడు నన్ను పంపుతున్నావు. నువ్వు మాత్రం గుమ్మం దాటవు."

"సరే. సోమవారం దాకా చూస్తాను. ఆ పైన కటింగ్ బల్ల తీయించేస్తాను. కొంటానని అడిగేవాడొకడు ఉన్నాడు. ఆ గదిలో ఆయనకి మంచం వేద్దాం. సుఖంగా పడుకుంటాడు."

"సుఖంగా" అంది ఆమె, ఆ మాటని బట్టలా అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు.

"ఏం, తప్పా? డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి..."

"మెల్లగా మాట్లాడు. మధ్యలో ఉన్నది గోడ కాదు, పరదా."

ఇద్దరూ ఆగారు. పరదా అవతల స్టూలు ఒకసారి కిర్రుమంది. అంతే.

అప్పుడు వచ్చింది పిట్ట. పిట్ట అంటే ఆమె కూతురు. పదిహేనేళ్ళు. పుట్టినప్పటి నుంచి నోరు మూత పడదని తాతే పెట్టాడు ఆ పేరు. మూటలోంచి ఒక చొక్కా లాగి తొడుక్కుంది. గుండీలు ఛాతీ దగ్గర ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి గానీ కలవడం లేదు. చేతులు మణికట్టుకి జానెడు పైనే ఆగిపోయాయి.

"చూడు మావయ్యా. ఎలుగుబంటికి బొమ్మ చొక్కా తొడిగినట్టు లేనూ?"

"విప్పవే. చిరుగుతుంది."

"చిరిగితే ఏం? ఎవరికైనా పడుతుందా ఇది? తాతకి ఎనిమిదో తరగతంటే ఇంకా ఆ కాలపు ఎనిమిదో తరగతే. మా బడిలో ఎనిమిదో క్లాసు వాళ్ళకి మీసాలొస్తున్నాయి."

"తాతని అనకు" అంది తల్లి.

"అనకపోతే కుట్లు సాగుతాయా?"

నిజమే. ఆమె నిన్ననే ఒక చొక్కా విప్పి చూసింది. పెద్దాయన అలవాటు ప్రకారం లోపల మడతలు వదిలాడు. పెరిగే పిల్లల బట్టకి మడత వదలనివాడు దర్జీయే కాదంటాడు ఆయన. కింద అంచులో రెండంగుళాలు, చేతుల చివర అంగుళన్నర, పక్క కుట్టులో అరంగుళం. పొడుగు విప్పొచ్చు. చెయ్యి విప్పొచ్చు. భుజం దగ్గర మాత్రం ఎవరూ మడత వదలరు. అక్కడ తక్కువైతే తక్కువే.

"నువ్వే తాతకి చెప్పొచ్చుగా అమ్మా. బడికెళ్ళి అందరి కొలతలూ తీసింది నువ్వే. చీటీలు రాసిచ్చావు. ఆయన చూడకుండా వయసులు చూసి కత్తిరిస్తే తప్పు నీదా?"

"పెద్దవాళ్ళ సంగతి నీకెందుకు? నువ్వు చిన్నపిల్లవి."

పిట్ట చొక్కా విప్పి మడత పెట్టింది. లోపలికి వెళ్ళి ఒక జత బూట్లు తెచ్చి తల్లి ముందు పెట్టింది. మొన్న ఆదివారం ఆమె సంత నుంచి తెచ్చిన కొత్త బూట్లు.

"వేసుకోలేదేం?"

"రెండు నంబర్లు తక్కువ. నీకు చెప్పలేక మంచం కింద పెట్టాను."

"నాకు నీ సైజు తెలుసే."

"నాకు పన్నెండేళ్ళప్పటి సైజు తెలుసు నీకు. తరవాత అడగలేదు."

తమ్ముడు కిసుక్కున నవ్వబోయి, అక్క మొహం చూసి, దగ్గుగా మార్చుకున్నాడు.

ఆమె బూట్లు చేతిలోకి తీసుకుంది. బాగున్నాయి. ఎర్ర లేసులు. అవి కొన్నప్పుడు కళ్ళ ముందు మెదిలిన పిల్ల వేరు, ఎదురుగా నిలబడ్డ పిల్ల వేరు. ఈ పిల్ల తనకంటే రెండు వేళ్ళు పొడుగుంది. ఎప్పుడు పెరిగింది? ఎదురుగా ఉండే పెరిగింది. రోజూ చూస్తున్నది కదా అని ఎవరూ కొలవలేదు.

దేవుడా, ఈ జబ్బు నాకు కూడానా అనుకుంది.

"నేను వెళ్తాను" అంది తమ్ముడితో. "నువ్వు ఆఫీసుకి పో. నీ బల్ల కొనేవాణ్ణి ఇప్పుడే తీసుకురాకు."

పరదా తీసి లోపలికి వెళ్ళింది.

కటింగ్ గది ఎప్పటిలాగే ఉంది. కిటికీలోంచి ఎదుటి తాళాల కొట్లో మిషను తాళంచెవులు గీరుతున్న చప్పుడు. నున్నగా అరిగిన బల్ల. దాని అంచుకి ఇత్తడి కొలబద్ద. మేకుకి టేపు. పెద్దాయన స్టూలు మీద, అటు తిరిగి. తెల్లచొక్కా భుజాల మీంచి వేలాడుతోంది, లోపల మనిషి సగమే ఉన్నట్టు.

"టీ తెమ్మంటావా నాన్నా?"

పెద్దాయన ఒళ్ళో కత్తెర సర్దుకున్నాడు.

"తమ్ముడు వచ్చాడు."

"విన్నాను." నిన్నటి తరవాత మొదటి మాట. గొంతు బొంగురుగా ఉంది. "మంచం ఏ వైపు వేస్తాడట? కిటికీ వైపైతే ఎండ కొడుతుంది."

ఆమె బల్లకి ఇవతలి వైపే నిలబడింది. చిన్నప్పటి నుంచి ఆమె చోటు ఇవతలే.

"నాన్నా, చీటీలు ఇచ్చాను కదా. ఒక్కొక్కరినీ నిలబెట్టి కొలిచాను. చూడలేదా?"

పెద్దాయన సుద్దముక్కల డబ్బా ఎత్తి, కింద ఉన్న కాయితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. నలభై రెండు చీటీలు. ఆమె అక్షరాలే. ప్రతి చీటీ మీదా ఆమె రాసిన అంకెని కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో ఇంకో అంకె వేసి ఉంది.

"చూశాను. ఒక్కటి వదలకుండా చూశాను."

"మరి?"

"పదమూడేళ్ళ పిల్లాడికి ఛాతీ ముప్పై నాలుగేమిటి? అరవై ఏళ్ళుగా కత్తిరిస్తున్నాను. పదమూడంటే ముప్పై. మహా అయితే ముప్పై ఒకటి. ఒక చీటీలో కాదు, అన్నిట్లోనూ అలాగే రాశావు. నేననుకున్నానూ..."

ఆగిపోయాడు.

"ఏమనుకున్నావు?"

"టేపు వదులుగా పట్టుకుని ఉంటావని."

"నలభై రెండు సార్లా?"

తాళాల కొట్టు మిషను ఆగింది.

"రెండు ఎడమ చేతులు కత్తిరించినదానివి కదా అనుకున్నాను" అన్నాడు పెద్దాయన. "దిద్దాను. నీ పరువు పోకుండా నేనే దిద్దుతున్నాననుకున్నాను."

ఆమెకి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని చూసింది, రాలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"నాన్నా, అప్పుడు నాకు పదహారేళ్ళు."

"అవును."

"ఇప్పుడు యాభై రెండు. జుట్టు నెరిసింది. నా కూతురికి నాకంటే పెద్ద బూట్లు కావాలి. వంటింట్లో నేల మీద పరుచుకుని, ఇంట్లో వాడే చిన్న కత్తెరతో వీధిలో పిల్లలందరికీ గౌన్లు కత్తిరిస్తున్నాను. ఇరవై ఏళ్ళయింది. ఒక్కటీ వెనక్కి రాలేదు."

"చూశాను."

"చూశావా?"

"వీధిలో పోయే గౌను ఎవరు కత్తిరించారో నాకు తెలీదా? మెడ చుట్టు బాగా తిప్పుతావు. నా కంటే బాగా."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

పెద్దాయన కత్తెర పిడి నిమురుతూ కూర్చున్నాడు. ఆయనకి మనుషుల వయసులన్నీ బట్ట మీద తెలుసు. ఎనిమిదేళ్ళ దాకా పొడుగు, పన్నెండు దాటితే కాళ్ళు, పదహారుకి భుజాలు, ముప్పై దాటితే నడుం, యాభై దాటితే వీపు. వాళ్ళ మనసులు కూడా అక్కణ్ణుంచే చెప్పేవాడు. పదహారేళ్ళవాడు బిగుతుగా కుట్టమంటాడు, నలుగురూ తనని చూడాలని. నలభై ఏళ్ళవాడు వదులుగా కుట్టమంటాడు, ఎవరూ చూడకూడదని. డెబ్భై దాటినవాడు జేబు పెద్దది పెట్టమంటాడు. అందులో ఏమీ వేసుకోడు, చెయ్యి పెట్టుకుంటాడు. ఊరందరి సంగతీ అలా చెప్పగలిగిన మనిషి. సొంత కూతురు పదహారు దాటిందని ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఆమె తప్పు కూడా ఉంది. చెప్పాల్సింది తనే కదా. నవ్వుతారని ముప్పై ఆరేళ్ళు గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది.

"నాన్నా" అంది. అనకూడదనుకుంటూనే అంది. "ఆ కత్తెర పక్కన పెట్టు. ఇక చాలు."

అన్న తరవాత గది అదే గదిగా లేదు.

పెద్దాయన తలెత్తి చూశాడు. కసిరితే బాగుండును. ఎడమా అని పిలిచి, నవ్వి, పో అంటే బాగుండును. తాళాల కొట్లో ఎవరో వచ్చి వెళ్ళారు.

"నువ్వు నాకొకటి బాకీ ఉన్నావు" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"నీకు ఏడేళ్ళు. ప్రతి ఆదివారం వచ్చి నిలబడేదానివి, కొలవమని. వారానికి ఏం పెరుగుతావే అంటే ఏడ్చేదానివి. ఒకరోజు అడిగావు, నిన్నెవరు కొలుస్తారు నాన్నా అని. నీ చెయ్యి నా భుజానికి అందాక నువ్వే కొలుద్దువుగాని అన్నాను. చేతిలో చెయ్యేసి మాటిచ్చావు."

ఆమెకి గుర్తు లేదు. ఎంత వెతికినా లేదు.

"పదమూడేళ్ళకే అందింది నీ చెయ్యి. నేను చూస్తూనే ఉన్నాను. అయితే పదమూడు దాటిన పిల్లలు టేపు పట్టుకుని తండ్రి దగ్గరికి రారు. అది కూడా నాకు తెలుసు. అందుకని అడగలేదు."

"నిన్నెవరూ కొలవలేదా? ఎప్పుడూ?"

"పాత చొక్కా పరిచి దాని మీదే గీసుకుంటాను. నలభై ఏళ్ళుగా అదే చొక్కా. దర్జీని ఎవరు కొలుస్తారమ్మా?"

అమ్మా అన్నాడు. ఆమె ఆ మాట పట్టించుకోనట్టు మేకు దగ్గరికి వెళ్ళి టేపు తీసింది. బల్ల చుట్టూ తిరిగి, ఎప్పుడూ వెళ్ళని అవతలి వైపుకి వెళ్ళింది.

పెద్దాయన కత్తెర బల్ల మీద పెట్టి లేచాడు. చేతులు కొంచెం ఎడంగా పెట్టి నిలబడ్డాడు, తన దగ్గర వేలమంది నిలబడ్డట్టే. ఊపిరి బిగబట్టబోయి, బిగబట్టకూడదని ఎన్నిసార్లు తనే చెప్పాడో గుర్తొచ్చి, వదిలేశాడు.

ఆమె వెనక నుంచి భుజం మీద టేపు ఆనించింది. చొక్కా కింద ఎముక తగిలింది. ఈ భుజాల మీద ఎక్కి ఆమె వీధంతా చూసింది ఒకప్పుడు.

"గట్టిగా చదువు" అన్నాడు. "కొలిచి లోపల దాచుకోకూడదు."

"భుజం పదహారు."

"రెండు వైపులా ఒకటే ఎత్తా?"

"కుడివైపు అరంగుళం కిందికుంది."

"ఊఁ."

"ఛాతీ ముప్పై నాలుగు."

ఇద్దరూ ఆ అంకె మీద ఆగలేదు.

"మెడ పద్నాలుగు. వెనక పొడుగు ముప్పై."

"ముందు?"

టేపు మెడ దగ్గర నుంచి కిందికి వదిలింది. చూసింది. మళ్ళీ పట్టి చూసింది.

"చదవమన్నానా?"

"ఇరవై ఎనిమిది."

"రెండంగుళాలు" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ అంకెలన్నీ ఒకచోట పేర్చి మనిషిని నిలబెడుతున్నప్పుడు ఆయన ఎప్పుడూ అలాగే మూసుకుంటాడు. ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళు కాయితం మీద కొలతలు పంపితే, ఆ మనిషి ఎలా నడుస్తాడో కూడా చెప్పేవాడు.

"ముసలివాడు" అన్నాడు మెల్లగా. "ఎనభైకి దగ్గర పడ్డాడు. కుడి భుజం జారిందంటే బతుకంతా ఆ చేత్తో బరువు పట్టుకున్నవాడు. ముందుకీ వెనక్కీ రెండంగుళాల తేడా ఉందంటే బల్ల మీదికి వంగి వంగి వీపు అలా ఉండిపోయింది. వంగితే లేవలేడు. లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఎవరికీ చెప్పడు." కళ్ళు తెరిచి ఆమె వైపు తిరిగాడు. "ఈ మనిషి పనికొచ్చి అడిగితే, కటింగ్ ఇస్తావా?"

ఆమె టేపు కొస చూస్తూ నిలబడింది.

"అడుగుతున్నాను చెప్పు. దుకాణం నీదనుకో."

"నాన్నా..."

"ఇవ్వకూడదమ్మా. గుండీలివ్వు. కాజాలివ్వు. కూర్చుని చేసుకుంటాడు."

అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి. కొలతలకి వచ్చినవాళ్ళ ముందు దర్జీ ఏడవకూడదు కనుక టేపు చుట్టబోయింది. చుట్ట జారిపోయింది. ఏం చెయ్యాలో తోచక మెళ్ళో వేసుకుంది. పరదా పక్క నుంచి పిట్ట చూస్తోంది. పిట్ట నోట మాట లేకపోవడం ఈ ఇంట్లో ఇదే మొదలు.

"రాసుకో" అన్నాడు పెద్దాయన. "కొలిచి రాసుకోకపోతే కొలిచినట్టు కాదు."

ఆమె కొలతల పుస్తకం తీసి, ఖాళీ పేజీ చూసి, ఐదు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసింది. ఆయన వంగి చూశాడు. ఈసారి పెన్సిల్ అందుకోలేదు.

"సరిగ్గా ఉందా?"

"ఉంది."

"బాకీ తీరినట్టేనా?"

"తీరింది" అన్నాడు. స్టూలు వైపు ఒక అడుగు వేసి, ఆగి, బల్లని పట్టుకుంటూ చుట్టూ తిరిగి, కొలతలకి వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. నలభై రెండు చీటీలూ, విప్పని బట్టా, కత్తెరా బల్ల మీద ఆమె ముందు ఉన్నాయి.